పసుపు అంటిన ట్రాన్స్‌మిటర్‌తో విజయనగరానికి

విజయదశమి మరునాడు, ఆదివారం ఉదయం, మా పిన్ని వరలక్ష్మి తన ట్రాన్స్‌మిటర్‌ను ఛార్జర్‌లో పెట్టింది. పచ్చదీపం వెలగవలసిన చోట ఎర్రదీపం వెలిగింది. సోమవారం తెల్లవారుజామునే మేమిద్దరం పాతపట్నం నుంచి విజయనగరం బయలుదేరడానికి కారణం అదే. ఇటువంటి పని మీద ఈ దారిన వెళ్ళవలసిన వారు మరికొందరు ఉంటారు కనుక, వేళలతో సహా రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి చెప్పాలి. పొట్ట మీద చర్మంలోకి సన్నని తీగ దిగే సెన్సర్ ఒకటి ఉంటుంది. దానికి తగిలించే చిన్న ఆల్చిప్పలాంటిది ట్రాన్స్‌మిటర్. రక్తంలో చక్కెర ఎంత ఉందో అది ఐదేసి నిమిషాలకొకసారి నడుముకు పెట్టుకున్న రిసీవర్‌కు పంపుతుంది. చక్కెర పడిపోతుంటే రిసీవర్ కూస్తుంది. సెన్సర్‌ను ఆరు రోజులకొకసారి పారేస్తారు. ట్రాన్స్‌మిటర్‌ను మాత్రం తుడిచి, ఛార్జి చేసి మళ్ళీ వాడుకోవాలి. తుడిచేటప్పుడు దాని లోపలి లోహపు పిన్నులకు తడి తగలకుండా చిన్న మూత బిగించాలి. ఏడాదిలోపు పాడైతే కొత్తది ఇస్తారు. పిన్నిది కొని పది నెలలయింది.

పిన్నికి ఈ చక్కెర జబ్బు పదకొండో ఏట వచ్చింది. ఇప్పుడు వయసు నలభై దాటింది. ఇన్నేళ్ళలో ఆ జబ్బు ఆమెకు ఉండవలసిన హెచ్చరికలను ఒక్కొక్కటిగా తీసుకుపోయింది. చక్కెర దిగుతుంటే అందరికీ చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, ఆకలి వేస్తుంది. ఆమెకు అవేవీ తెలియవు. చెమటలు కనిపించేసరికే మాట తడబడుతుంది, ఆ తరువాత స్పృహ ఉండదు. కిరాణా కొట్టు మీది గదిలో ఒక్కతే ఉంటుంది. ఈ పరికరం రాకముందు రెండుసార్లు పక్క కొట్టువాళ్ళు తలుపు పగలగొట్టి ఆమెను బతికించారు. అందుచేత ఆ ఎర్రదీపం మాకు చిన్న విషయం కాదు.

దసరా నాడే పాత సెన్సర్ గడువు ముగిసింది. పిన్ని ట్రాన్స్‌మిటర్ విప్పి, తుడిచి, మూత పెట్టకుండా కొట్టులోని ఆయుధపూజ పీట మీద పెట్టింది. దానికి తడి పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టింది. ఉద్వాసన చెప్పేవరకు పీట మీది వస్తువును కదపకూడదన్న ఆచారం కొద్దీ అది రాత్రంతా అలాగే ఉంది. ఉదయం నేను చూసేసరికి పిన్నుల చుట్టూ పసుపు ఎండి పొలుసు కట్టింది.

"ఇదేటి పిన్నీ, దీనికీ రాసేవా?" అన్నాను.

"కాటాకి రాసేను. తాళాలకి రాసేను. నన్ను బతికిస్తన్నదాన్ని ఒగ్గీమంటావేటే ప్లీడరమ్మా?"

రాజాం కళాశాలలో మూడేళ్ళు చర్చా పోటీలలో నిలబడినందుకు ఇంట్లో నాకు దక్కిన బిరుదు అది. దానికి జవాబు నా దగ్గర ఉంది కాని, ఆమె ముఖం చూసి ఇవ్వలేదు. విజయనగరంలోని ఏజెన్సీకి ఫోన్ చేస్తే, సోమవారమే రమ్మన్నారు. మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం, ఊరంతా మూత.

సోమవారం ఐదూ నలభైకి పాతపట్నంలో పల్లెవెలుగు ఎక్కాం. సంచిలో ట్రాన్స్‌మిటర్ పెట్టె, రిసీవర్, వేలు పొడిచి చూసే మీటరు, గ్లూకోజు పొడి, పిన్ని పెరుగన్నం డబ్బా. సారవకోట దాటేసరికి తెల్లవారింది. నరసన్నపేట దగ్గర జాతీయ రహదారి ఎక్కాక వేలు పొడిచి చూశాం. నూట ముప్పై. ఏడూ నలభై ఐదుకు శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో దిగాం. బయటి హోటల్లో ఇడ్లీ బాగుంటుంది, త్వరగా ఇస్తారు. పిన్ని ఇన్సులిన్ పొడుచుకుని రెండు తిన్నది. పొడుచుకున్న మందుకు అవి చాలవని మూడోది తినమన్నాను.

"పండక్కి బూరెలు తినొద్దన్నావు, ఇయ్యాల ఇడ్లీ తినమంటన్నావు. ఏదో ఒకటి తేల్సుకో," అని చెయ్యి కడుక్కుంది.

ఎనిమిదింబావుకు విజయనగరం బస్సు దొరికింది. పైడితల్లమ్మ పండుగకు వెళ్ళేవాళ్ళతో అది అప్పటికే నిండిపోయింది. పిన్నికి కిటికీ పక్కన, నాకు ఆమె వెనక వరుసలో చోటు దొరికింది. వెళ్ళేవారికి నా మొదటి మాట ఇదే. ట్రాన్స్‌మిటర్ పనిచేయని మనిషి పక్కనే కూర్చోండి. పక్కన చోటు లేకపోతే బస్సు వదులుకోండి.

నా పక్కన భోగాపురం వైపు రైతు ఒకాయన కూర్చున్నాడు. విమానాశ్రయం కోసం తమ పొలంలో కొలతల రాళ్ళు పాతారని చెప్పాడు. నాకు తెలిసినదంతా చెప్పడం మొదలుపెట్టాను. గ్రామసభలో ఏయే ప్రశ్నలు వేయాలో, ఏ కాగితం అడిగి తీసుకోవాలో, ఒకటి తరువాత ఒకటి వివరించాను. ఆయన ఓపికగా విన్నాడు.

"అన్నీ బాగానే సెప్తన్నావు తల్లీ. మనం అడిగితే ఇమానం ఆగిపోద్దేటి?" అన్నాడు చివరకు.

దానికి మరొక వాదన అందుకున్నాను. రణస్థలం ఎప్పుడు దాటిందో చూడలేదు. తొమ్మిదింటికి వేలు పొడవవలసి ఉందన్న సంగతి మరిచిపోయాను. తొమ్మిదీ ఇరవైకి ముందు వరుసలోంచి, పిన్ని పక్కన ఒళ్ళో చీపురుకట్టలు పెట్టుకుని కూర్చున్న ఆవిడ వెనక్కి తిరిగింది.

"ఓలమ్మా, ఈవిడ నీ మనిషేనా? పలకరిస్తే పలకట్నేదు. సెమటలు కారిపోతన్నాయి సూడు."

పిన్ని జాకెట్టు వీపంతా తడిసి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పిలిస్తే నా వైపు తిరిగి, నేనెవరో తెలియనట్టు చూసింది. మీటరులో నలభై ఒకటి. డెబ్బైకి తగ్గకూడదు. గ్లూకోజు నీళ్ళలో కలిపి పెదవులకు ఆనించాను. సగం చీర మీదికి పోయింది. చీపురుకట్టల ఆవిడ పిన్ని గడ్డం పట్టుకుని, "మింగు అప్పా, మింగు. ఏటవదు," అంటూ పసిబిడ్డకు పట్టినట్టు పట్టింది. కండక్టరు బస్సు ఆపించాడు. కొందరు దిగి నిలబడ్డారు, ఒకరిద్దరు ఆలస్యమవుతోందని గొణిగారు. రైతు తన తువ్వాలుతో గాలి విసిరాడు. పదిహేను నిమిషాల తరువాత డెబ్బై నాలుగు.

పిన్ని మొదటి మాట, "నా సంచేదీ?" అని. తరువాత తన చీర చూసుకుని, చుట్టూ ఉన్న ముఖాలు చూసి, కిటికీ వైపు తిరిగింది.

పదీ నలభైకి దిగాం. మూడు లాంతర్ల కూడలి వైపు జనం కిక్కిరిసి ఉన్నారు, ఆటోలు వెళ్ళనివ్వడం లేదు. నెమ్మదిగా నడిచి ఏజెన్సీ చేరేసరికి పదకొండున్నర. మందుల దుకాణం మీద రెండో అంతస్తు, లిఫ్టు లేదు. కొన్న బిల్లు, పెట్టె మీది సీరియల్ నంబరు, డాక్టరు చీటీ మూడూ ఉంటేనే లోపలికి పిలుస్తారు. మా దగ్గర మూడూ ఉన్నాయి.

లోపల ఉన్న ఉద్యోగి ముప్పై ఏళ్ళ మనిషి. మర్యాదస్తుడు. ట్రాన్స్‌మిటర్‌ను దీపం కింద పెట్టి చూశాడు, పిన్నులను పొడి గుడ్డతో తుడిచాడు, తన ఛార్జర్‌లో పెట్టి చూశాడు. ఎర్రదీపమే. పిన్నికి భోజనం వేళ అయింది. ఆమె డబ్బా పట్టుకుని వెళ్ళి, గుమ్మం అవతల వరండాలోని బెంచీ మీద కూర్చుంది. ఆయన బీరువా తెరిచి కొత్త పెట్టె ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. అరచేతిలో ఇమిడేంత పెట్టె. పక్కన ఒక ఫారం.

"అక్కడ మేడమ్ పేరు, నంబరు, కొన్న తేదీ రాయండి. సంతకం మీరు పెట్టినా ఫరవాలేదు. ఐదో గడి వదిలేయండి," అన్నాడు.

ఐదో గడి చదివాను. పిన్నులకు నీరుగాని, పొడిగాని, మరే పదార్థంగాని తగిలిందా, అని.

"ఎందుకు వదిలేయాలి?"

ఆయన గొంతు తగ్గించాడు. "ఖాళీగా ఉంటే ఎవరూ అడగరు మేడమ్. నేనూ అడగను. చాలామంది వదిలేస్తారు."

ఖాళీ కూడా ఒక జవాబే. ఆ గడిని వదిలేస్తే, తెలిసి అబద్ధం చెప్పినట్టే అవుతుంది. ఈ వాదన నాకు క్షణంలో సిద్ధమైంది. ఎన్ని వేదికల మీద ఎన్నిసార్లు అన్నానో తెలియదు. కలం తీసుకుని, 'తడి పసుపు తగిలింది, ఒక రాత్రి ఉంది' అని రాసి సంతకం పెట్టాను.

ఆయన ఫారం చదివాడు. "ఇంకో ఫారం ఇస్తాను. మళ్ళీ రాయండి," అన్నాడు.

"రాసింది నిజమే కదండీ."

"నిజమే. ఇలా రాసిన దాన్ని నేను పైకి పంపాలి. వాళ్ళు చూసి చెప్పాలి. మూడు వారాలు పట్టొచ్చు. ఇవ్వకపోవచ్చు కూడా."

"డబ్బు కట్టి కొంటాం."

"ఈ పెట్టె మార్పిడికి వచ్చింది, అమ్మడానికి లేదు. కొనాలంటే ఆర్డరు పెట్టాలి. అదీ మూడు వారాలే. ఇంకోసారి ఆలోచించుకోండి."

నేను ఆలోచించలేదు. ఆలోచించడం అయిపోయిందనుకున్నాను. ఆయన పెట్టెను తిరిగి బీరువాలో పెట్టి తాళం వేశాడు. అప్పుడే పిన్ని చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. పాతది ఇక్కడే ఉంచుకుంటారని, కొత్తదాని సంగతి మూడు వారాల్లో ఫోన్ చేస్తారని ఆయనే చెప్పాడు. ఐదో గడి మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆమె బీరువా వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"అలాగే బాబూ," అని మెట్లు దిగింది.

ఒంటిగంటకు తిరుగు బస్సు. ఈసారి ఆమె పక్కనే కూర్చున్నాను. ఎదురుగా పండుగకు వచ్చే బండ్లు, లారీల నిండా జనం. అరగంటకొకసారి వేలు పొడిచాను. నూట యాభై, నూట పది, తొంభై రెండు. రెండు బిస్కెట్లు. శ్రీకాకుళంలో మూడున్నరకు పాతపట్నం బస్సు మారాం. నరసన్నపేట దాటాక ఆమె అడిగింది.

"ఆ పెట్టి తీసి, మళ్ళీ ఎందుకెట్టేసేడే?"

చెప్పాను. గడి సంగతి, రెండో ఫారం సంగతి, నేను చెప్పిన కారణం, ఏదీ దాచలేదు. ఆమె పూర్తిగా విన్నది.

"అబద్ధం రాయవలసిందని నాను అంట్నేదు," అన్నది. "నిజవే రాసేవు. పసుపు రాసిన సెయ్యి నాది. పోతే పోయే పేణం నాది. నాను గుమ్మం అవతలే ఉన్నాను గదే, పెరుగన్నం తింటా. ఒక్క మాట అడిగితే ఏటి పోయేది?"

"అడిగితే ఏం చెప్పేదానివి?"

"నాకేటి తెలుసు? అడగనేదు గదా."

మళ్ళీ తనే, "నాను కూడా నిజవే రాయమందునేమో. ఇప్పుడు నాకూ తెలీదు, నీకూ తెలీదు," అని కొంగు కప్పుకుంది.

ఈ ప్రయాణం చేయబోయేవారికి చెప్పగలిగినవి చెబుతాను. ట్రాన్స్‌మిటర్‌ను విప్పిన వెంటనే మూత బిగించండి. పసుపు, కుంకుమ, విభూతి దాని దరికి రానివ్వకండి. దండం పెట్టాలనిపిస్తే దూరం నుంచి పెట్టండి. పండుగ రోజుల్లో వెళ్ళకండి. కాగితం నింపేటప్పుడు ఆ పరికరం ఎవరి ఒంటి మీద ఉంటుందో ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి, ప్రతి గడీ చదివి వినిపించండి. ఏం రాయాలో నేను చెప్పను. చెప్పే అర్హత నాకున్నదని సోమవారం ఉదయం వరకు అనుకున్నాను. నేను నిజం పక్షాన నిలబడ్డాననే ఇప్పటికీ నా నమ్మకం. అయితే దాని బరువు ఇరవై ఒక్క రోజులు మోయవలసింది మరొకరు.

సారవకోట దగ్గర బస్సు ఆగింది. దిగేవాళ్ళు దిగుతున్నారు. పిన్ని కళ్ళు మూసుకుని ఉంది. నిద్రో, మరొకటో నాకు తెలియలేదు. నుదుటి మీద చెయ్యి వేస్తే చల్లగా, పొడిగా ఉంది. మీటరు తీసి, దానిలో రక్తం పరీక్షించే చీటీ దూర్చాను.

"పిన్నీ, వేలు పొడవనా?"

కళ్ళు తెరవకుండానే ఎడమ చెయ్యి చాచింది. "ఖాళీ ఏ వేలికుందో నువ్వే సూసుకో."

ఉంగరపు వేలి పక్కన పొడిచాను. రక్తం రావడానికి రెండుసార్లు నొక్కవలసి వచ్చింది. చీటీ దాన్ని పీల్చుకుంది. మీటరు ఐదు నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. బస్సు కదిలింది.