మొహాన పడని వెలుగు

బావను కొట్టింది నేనే. సరుగుడు కర్రతో, రెండు దెబ్బలు. మొదటి దెబ్బకే మోచెయ్యి విరిగింది. పడిపోయిన మనిషిని మళ్లీ ఎందుకు కొట్టానంటే, ఒళ్లు తెలియని కోపం. ఇంకో కారణం లేదు.

ఆ ఏడు మైపాడు పక్కన మా రొయ్యల గుంట పట్టుబడికి వచ్చింది. పట్టుబడికి ముందు వారం దొంగలు విసురువలలతో దిగుతారు. అందుకని నేనూ, మా అక్క మొగుడూ చెరో గట్టు మీద కాపలా కాశాం. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుంటే పక్కన నిలబడి అరిచినా మాట వినపడదు. కాబట్టి గట్టు మీద ఎదురొచ్చేవాడు కాస్త దూరంలో ఆగి, టార్చి తన మొహాన వేసుకోవాలి. వేసుకోనివాడు దొంగ. ముందు కొట్టడం, తర్వాత అడగడం. మా గుంటల దగ్గర అందరిదీ ఇదే పద్ధతి.

బావ టార్చి బాగానే ఉండేది. చార్జి పెడితే తెల్లారేదాకా వచ్చేది, వెలుగే కాస్త తక్కువ. టార్చిలు బాగుచేస్తానని ఊళ్లో పేరున్నవాడిని, నాకది నామోషీ అనిపించింది. విప్పి, ఎల్ఈడీకి పోయే కరెంటును అదుపులో పెట్టే రెజిస్టరు పీకేసి, వైరు ముక్కతో కలిపాను. అవతలి గట్టు పట్టపగల్లా కనిపించింది. బ్యాటరీ గంట కూడా రాదని తెలుసు. ఇంకో బ్యాటరీ బావ జేబులో పెట్టాను.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకురా" అన్నాడు బావ.

వినలేదు. పైగా ఉప్పునీళ్లు పోకుండా సైకిల్ ట్యూబు బిగించి చుట్టాను. గుంటల మీద తిరిగే ప్రతి టార్చికీ మేం ఆ తొడుగు వేస్తాం. మామూలు కరెంటుకు దానివల్ల నష్టం లేదు. నేను పెంచిన కరెంటుకు ఎల్ఈడీ కాగిపోతుంది, ఆ వేడి పోవాల్సింది టార్చి అల్యూమినియం ఒంటి గుండానే. ఆ ఒంటికే రబ్బరు చుట్టిన తెలివి నాది.

ఆ రాత్రి గట్టు మీద మొదటి చుట్టులోనే వెలుగు నీలంగా మారి, ఎల్ఈడీ మాడిపోయిందట. బ్యాటరీ మారిస్తే వెలుగుతుందా? ఆ సంగతి నాకు చెబుదామని బావ చీకట్లోనే నా వైపు వచ్చాడు. మనిషి ఆకారం కనిపించింది. ఆగింది. మొహాన వెలుగు పడలేదు. దొంగ పారిపోతాడని నా టార్చి వేయకుండానే కొట్టాను. ఎముక విరగడం కర్ర గుండా నా చేతికి తెలిసింది. రెండో దెబ్బ భుజాన పడింది. అప్పుడు వేశాను టార్చి. నోటి నిండా బురద, నెత్తురు. "నేనురా" అంటున్నాయి పెదాలు.

ఆటోలో ఆసుపత్రికి పోతుంటే, "దొంగలు కొట్టినారని చెప్తా. నువ్వు నోరెత్తబాక" అన్నాడు.

మోచెయ్యి అతికింది గానీ వంగదు. బావ ఎడంచేత్తో తింటాడు. నాకు అన్నం పెడుతూ అక్క రోజూ ఆ దొంగను తిట్టేది. "ఆ పాపిష్టోడి చేతులు పడిపోను." ఆ చేతులతోనే నెల రోజులు తిన్నాను. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ని, అయినా తిన్నాను. ఒకరోజు కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేశాను.

"అక్కా, బావను కొట్టింది నేను."

అక్క గరిటె ఆపలేదు. నా కంచంలో పప్పుచారు పోసింది.

"ఆ పొద్దే నాకు చెప్పినాడు. నువ్వెప్పుడు చెప్తావా అనే ఇన్నాళ్లూ తిడతా ఉండా" అంది. "తిను."