జీపులో రేగోడ్‌కు, కొత్త బండిలో మెదక్‌కు

నిద్రపోయాను, నిజమే. అంతమాత్రాన ఒప్పుకున్నట్టు కాదు అన్నా. నిన్న సాయంత్రం మెదక్‌లో దిగగానే నలుగురి ముందు, "ఇంకేం మాట్లాడుతవ్‌రా? టైమిస్తే గురక పెట్టినవ్" అన్నావు. నువ్వు ఇది చదవవని తెలుసు. అందుకే చదివేవాళ్లకు చెబుతున్నాను. మెదక్ నుంచి రేగోడ్ పోవాలనుకుని, ఏ బండిలో పోవాలో తేలనివాళ్లకు పనికొస్తుంది.

మాకొక పాత జీపు ఉండేది. కంపెనీ ఆ మోడల్ చేయడం ఎప్పుడో ఆపేసింది. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినప్పటి నుంచి టేక్మాల్ లైనులో దాన్ని నడిపింది నేనే, మనిషికి ఇరవై రూపాయలు. ఈమధ్య అన్న కొత్త ఎస్‌యూవీ తెచ్చాడు. జీపును రేగోడ్ పటేలుకు బేరం పెట్టి బయానా తీసుకున్నాడు. నేను గొడవపడితే, "జీపు నువ్వే తోలు, నేను కొత్త బండిల వెనక వస్త. వచ్చేటప్పుడు నా పక్కన కూసో. మెదక్ చేరేలోపు ఒక్కసారి అమ్మొద్దను, బండి మలిపి జీపు తెచ్చుకుందాం" అన్నాడు. మాట తప్పే మనిషి కాదు.

పొద్దున ఎనిమిదికి బయలుదేరాం. పాపన్నపేట మీదుగా టేక్మాల్‌కు గంట కూడా పట్టదు. కానీ నిన్న టేక్మాల్ దగ్గర తెలంగాణ కోసం వంటావార్పు. రోడ్డు నడుమ మూడు రాళ్లు పెట్టి, గుండిగల్లో అన్నం వండుతున్నారు. గరిటె పట్టుకుని లచ్చవ్వ ఎదురొచ్చింది. నాట్ల కాలంలో రోజూ నా జీపెక్కే కూలీ ఆమె.

"ఓ జీపు బిడ్డా! మంచి టైముకొచ్చినవ్. మైకు నీ బండి మీద పెడ్తం, జర ఆపు. ఎనకాల గా సాహెబెవ్వరు, అద్దాలు దింపుతలేడు?"

"మా అన్ననే అవ్వా."

"అట్లనా! దిగుమను. తినందే పోనియ్య."

నా ఛాతీ ఉబ్బింది. ఊరేగింపులకు జెండాలు కట్టుకుని తిరిగిన జీపు ఇది. అన్న కళ్లారా చూడాలనుకున్నాను. కానీ విస్తర్లు ఎత్తేలోపు జనమంతా కొత్త బండి చుట్టూ చేరారు. లచ్చవ్వ కొంగుతో చేతులు తుడుచుకుని అందులో కూర్చుని చూసింది.

"అబ్బ, ఎండ కొడుతున్నదని గూడ తెలుస్తలేదు. నీ జీపుల నడుం ఇరుగుతుండె కొడుకా."

"గిన్నేండ్లు చెప్పలేదేందవ్వా?"

"ఇంకో బండుంటే గద, చెప్పెటందుకు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

టేక్మాల్ దాటి పెద్ద రోడ్డెక్కి, మళ్లీ రేగోడ్ వైపు తిరగాలి. పటేలు చెరకు తోట దగ్గరికి మట్టితోవ. నీళ్లు పారి బురదైంది. కొత్త బండి కడుపు గట్టుకు గీరుకుని ఆగిపోయింది, అన్న చెప్పులు చేతబట్టుకుని నడిచొచ్చాడు. నేను నాలుగు చక్రాల గేరు వేసి నేరుగా గానుగ ముందు ఆపాను. ఆ పూట గెలిచింది జీపే. రాసి పెట్టుకోండి.

పటేలు బానెట్ ఎత్తి ఇంజన్ మాత్రమే చూశాడు.

"టైర్లు మొన్ననే మార్చిన పటేలా."

"టైర్లు నాకెందుకు? ఇంజన్ ఊడదీసి గానుగకు పెడ్త. బాడీ తుక్కుకు పోతది. మీ అన్న చెప్పలేదా?"

అన్న కడిగిన కాళ్లనే మళ్లీ కడుక్కుంటున్నాడు.

తిరుగు ప్రయాణానికి కొత్త బండిని బురదలోంచి నెట్టించుకుని ఎక్కాం. తలుపు మూయగానే అన్న, "యాదున్నది గదా? ఒక్కసారి వద్దను" అన్నాడు. జీపులో మాట్లాడాలంటే అరవాలి. ఇందులో గొంతు సవరించుకున్నా వినపడుతుంది. పెద్ద రోడ్డెక్కాక అందామనుకున్నాను. తర్వాత టేక్మాల్ వచ్చాక అనుకున్నాను. చల్లటి గాలి, మెత్తటి సీటు. టేక్మాల్ ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి మెదక్.

ఇవాళ లేవగానే వద్దన్నాను. అన్న చాయ్ ఊదుకుంటూ, "ఇంజన్ దించిండ్రట, పటేలు ఫోన్ చేసిండు" అన్నాడు.

జీపు నన్ను ఒక్కరోజూ నిద్రపోనివ్వలేదు. దాన్ని కష్టమనుకున్నాను. నాకు తెలిసిన పని అదొక్కటే అని, అది మెలకువగా ఉంచినంతకాలమే నేనూ ఒక మనిషినని ఇప్పుడు తెలిసి లాభం లేదు. కొత్త బండి మంచిదే. అదే బాధ. తిట్టడానికి కూడా ఏమీ లేదు.

రేగోడ్ పోయేవాళ్లకు ఒక్క మాట. వంటావార్పు రోజైతే కంగారు పడకండి, అన్నం పెట్టి మరీ పంపిస్తారు. కానీ దారిలో ఎవరితోనైనా గట్టిగా చెప్పాల్సింది ఉంటే, ఏసీ ఆపించి అద్దాలు దింపించి, బండి కదలకముందే చెప్పేయండి.

ఇది టైపు చేస్తున్న నెట్ సెంటర్ బయట అన్న కొట్టిన హారన్. మెత్తగా ఉంది, మాదేనని గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. హైదరాబాద్ కిరాయి, డ్రైవర్‌ను నేనే. పోవాలి.