రెహానా గొంతు, శ్రావణి ఉద్యోగం

2023 ఎండాకాలం. తిరువూరు బస్టాండు దగ్గర నాది లాప్‌టాప్‌లు బాగుచేసే కొట్టు. బడి నన్ను వదిలిందో, నేను బడిని వదిలానో మా మాస్టార్లే చెప్పాలి.

మా వీధి టైలరు గారమ్మాయి రెహానాకు కోడ్ రాయడమంటే పిచ్చి. అంత రాస్తే జీతమెంత వస్తుందని ఒకసారి అడిగాను.

"జీతం రాకపోయినా రాస్తానన్నా."

"ఆ మాట కంపెనీవాళ్ల ముందు అనకమ్మా, నిజమనుకుంటారు."

ఆమె స్నేహితురాలు శ్రావణి, పక్కనున్న పెనుగొలను అమ్మాయి. కోడంటే తలనొప్పి. తండ్రి పోయాక ఇల్లు నడవాలంటే ఆమెకు జీతం కావాల్సిందే. అంతకుముందు ఏడాది శ్రావణి ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో పెదవులు కదిపింది, కెమెరాకు కనపడకుండా పక్కన కూర్చుని రెహానా జవాబులు చెప్పింది. దీన్ని ప్రాక్సీ అంటారు. శ్రావణికి ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు రెహానా వంతు. చాలా కంపెనీలు కాదన్నాక పిలిచింది శ్రావణి కంపెనీయే. ఇదీ పోతే బట్టల షాపులో బిల్లింగుకు వెళ్లాలని ఇంట్లో తేల్చేశారు. ఆమె వెబ్‌క్యామ్, అంటే లాప్‌టాప్ కెమెరా, పాడవడంతో నా కొట్లోనే కూర్చుంది. నేను ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ మూల నిలబడ్డాను.

అడిగినవాటికల్లా చకచకా చెబుతోంది. అవతలి సారు నవ్వుతున్నాడు కూడా. ఉన్నట్టుండి ఆగి, తెలుగులోకి దిగాడు.

"మీ గొంతు ఎక్కడో విన్నానమ్మా. పోయినేడాది మీ ఊరివైపు అమ్మాయినే ఒకరిని తీసుకున్నాం. ఆ రోజు మాట్లాడింది మీరు కాదు కదా?"

"కాదు సార్. మా వైపు అందరం ఇలాగే మాట్లాడతాం."

పరవాలేదని, పాత రికార్డింగుతో ఒకసారి పోల్చి చూసి తర్వాతి రౌండుకు పిలుస్తామని ఆయన అన్నాడు.

రెహానా ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

"వద్దు సార్. నా అప్లికేషన్ తీసేయండి. నాకీ ఉద్యోగం అక్కర్లేదు."

తనే కాల్ కట్ చేసింది. ఫ్యాను వేశాను. శ్రావణికి చెప్పొద్దని మాత్రం ఒట్టు వేయించుకుంది.

ఆయన మరి పోల్చి చూసినట్టు లేడు. శ్రావణి ఉద్యోగం నిలిచింది. మొన్న చార్జరు కోసం వచ్చి, రెహానా ఎందుకు ప్రయత్నాలు మానేసిందని నన్నే అడిగింది. "దానికున్న తెలివి నాకుంటేనా అన్నా" అంది. చార్జరు వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాను.

ఇష్టం అన్నం పెట్టదంటారు. పెడుతుందండీ. రెహానా ఇష్టం పెట్టే అన్నం శ్రావణి ఇంట్లో ఉడుకుతోంది.