ప్రశ్నల మేడమ్

ఆవిడకు ఆ పేరు పెట్టింది నేనే. ప్రసూతి వార్డులో ఇరవై రెండేళ్లుగా నర్సుని, నోటి దురుసు కాస్త ఎక్కువ. హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్ల కాన్పుల మీద పరిశోధన అంటూ ఆవిడ భుజాన సంచీతో దిగిన రోజే, "వచ్చిందమ్మా ప్రశ్నల మేడమ్, ఇక మన పని అయినట్టే" అన్నాను. ఆవిడ విని నవ్వేసింది.

డాక్టరు చదువు చదివి ఒక్క రోగికీ మందు రాయని మనిషి. "ఎవరెవరి కడుపుల సంగతో అడగడానికా తల్లీ నిన్నంత చదివించింది?" అని వాళ్లమ్మ ఫోన్లో దెప్పేది. "అందుకేనమ్మా" అని ఫోను పెట్టేసి ఈవిడ టిఫిన్ డబ్బా మూత తీసుకునేది. మెట్ల కింద సామాన్ల గది ఇచ్చాం. విరిగిన స్ట్రెచరు, రెండు కుర్చీలు, ఒక్క ఫ్యాను. వచ్చినవాళ్లను ఫ్యాను కింద కూర్చోబెట్టి తాను చెమటలో కూర్చునేది. ఫారంలో అరవై ప్రశ్నలు. అవన్నీ అయ్యాక పెన్ను మూసేసి, ఫారంలో లేని మాటొకటి అనేది: "ఇప్పుడు మీరు నన్ను అడగండి."

ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

జాకెట్లు కుట్టే ఒకామె అడిగింది. ఫైళ్లివ్వడానికి వెళ్లి గుమ్మంలో నేనూ విన్నాను. "నాలుగేళ్ల కిందట ఇక్కడే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు మేడమ్. తొమ్మిదో రోజున పోయింది. మందులు ఒక్క పూట మానలేదు. రక్తపరీక్షలో వైరస్ కనపడటం లేదు, మళ్లీ కనొచ్చు అంటున్నారు. మరి నాకు కడుపెందుకు రావట్లేదు?"

ఎందుకో నాకు తెలుసు. అప్పట్లో మా పెద్ద డాక్టరు నోటిమాట ఒకటుండేది: "ఈ జబ్బున్నవాళ్లకి మళ్లీ పిల్లలెందుకు? పనిలో పనిగా ట్యూబులు కూడా కత్తిరించేయండి." సంతకం ఎక్కడ పెట్టాలో కాగితాల మీద నేను పెన్సిలుతో ముందే టిక్కులు పెట్టి ఉంచేదాన్ని. పని త్వరగా తెమలాలని. కాళ్లూ చేతులూ ఆడని మొగుడి ముందు ఆ కట్ట పెట్టి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అంటే అయిదు చోట్ల గీకేసి మందుల షాపుకి పరిగెత్తేవాడు. మూడోది మత్తుకి. నాలుగోది పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి. ఆమె మొగుడూ అంతే. అతను చదవలేదు, నేను చదివి వినిపించలేదు.

వారం తిరక్కుండా మేడమ్ ఆ ఫైలు పట్టుకుంది. "సిస్టర్, ఆమెకు చెప్పారా?" అని అడిగింది.

"అప్పట్లో అందరికీ అంతే మేడమ్."

"అందరికీనా?" అంది. తవ్వితే ముప్పై ఏడు ఫైళ్లు తేలాయి.

ఆమెకు నిజం చెప్తానంటే వాళ్ల పరిశోధన ఆఫీసు పెద్దాయన ఒప్పుకోలేదట. ఫైళ్లు చూడొచ్చు కానీ అందులో ఉన్నది ఎవరికీ, చివరికి ఆ రోగికీ చెప్పకూడదన్నది ఆసుపత్రి పెట్టిన షరతు. "అంకెలు రాయి, మనిషిని వదిలెయ్" అన్నాడట. "ఆమె నెలనెలా ఎదురుచూస్తోంది సార్" అని ఈవిడ గోడకు చెప్పినట్టు చెప్పి, తిన్నగా ఆమె ఇంటికెళ్లి కుట్టుమిషను ముందు కూర్చుంది. అంతా విని ఆమె, "మళ్లీ కలపొచ్చా మేడమ్?" అని ఒక్కటే అడిగిందట. ముక్క కోసి తీసేశాక కలపడానికేముంది. లేదని చెప్పి వచ్చానని మేడమే నాతో అంది.

షరతు తప్పిందని ఉద్యోగం పీకేశారు. ఆ ముప్పై ఏడుగురినీ రిపోర్టులోంచి తీసేశారు. ఇక మిగిలిందేమిటి? "అధిక శాతం మహిళలు తమ ఇష్టంతోనే శాశ్వత పద్ధతిని ఎంచుకున్నారు" అన్న వాక్యం. చదివితే ఒళ్లు మండింది. మండి ఏం లాభం, ఆ వాక్యానికి సాక్షిని నేనే. అంతకుముందు ఈ ఫైళ్ల మీద ఆసుపత్రి జరిపిన విచారణలో "సంతకాలకు ముందు వివరించారా?" అని అడిగితే, ఎదురుగా మేడమ్ కూర్చుని ఉండగానే, "వివరించాను" అన్నాను. నాకు ఉద్యోగం కావాలి. ఆవిడ నా వంక చూసి తల దించుకుంది. నన్ను తిట్టినా బాగుండేది.

విచారణ ముగిసి వచ్చేసరికి బయట వరండాలో ఆ జాకెట్లామె బెంచీ మీద ఉంది. తప్పుకుపోబోతే పిలిచింది.

"నా మొగుడు చదవకుండా సంతకం పెట్టానని ఇంట్లో తల బాదుకుంటున్నాడక్కా. మీరేమో వివరించానన్నారట. ఏమని వివరించారో నాక్కూడా చెప్పండి. వింటాను."

జరిగి పక్కన చోటిచ్చింది. కూర్చున్నాను. ఆమె నా మొహంలోకే చూస్తూ ఎదురుచూస్తోంది.