మూడు నిండి నాలుగు నడుస్తున్న గుర్రం

ఆ గుర్రానికి పరుగు రాదని ఎవరూ అనలేదు. వాడు పరుగు అందుకునేసరికి పందెం అయిపోయేది, అంతే.

షికాగో చుట్టుపక్కల పందేలు చాలావరకు ఆరు ఫర్లాంగులు, మహా అయితే ఎనిమిది. ఎనిమిది ఫర్లాంగులంటే ఒక మైలు. చిన్నప్పుడు గుంటూరు నుంచి మా అమ్మమ్మగారి ఊరికి బండిలో వెళ్తూ రోడ్డు పక్క ఫర్లాంగు రాళ్ళు లెక్కపెట్టిన దాన్ని. అమెరికా వచ్చాక నాకు కొత్త అనిపించని కొలత అదొక్కటే. మా వాడు ఆరో రాయి దాకా నిద్రలో ఉన్నట్టు పరుగెత్తేవాడు. ఏడో రాయి దగ్గర మెడ చాచేవాడు. ఎనిమిదో రాయి దాటి, పందెం ముగిసి, జాకీలందరూ కళ్ళేలు బిగిస్తున్నప్పుడు ఒక్కొక్క గుర్రాన్నీ దాటుకుంటూ ముందుకు పోయేవాడు. చూసేవాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు నవ్వు వచ్చేది కాదు.

మేము అమెరికా వచ్చింది 1976లో. మావారు ఇంజనీరు, ఇల్లు షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో. ఇండియాలో నేను ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఇక్కడ ఆ డిగ్రీని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 1978లో పేపర్లో ప్రకటన చూసి, డ్రైవింగ్ నేర్చుకున్న మూడో వారంలోనే, రేస్‌కోర్సు వెనక ఉన్న ఒక లాయంలో ఆఫీసు పనికి చేరాను. లాయం నడిపే ట్రైనర్ డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, భార్య పోయింది. గుర్రాల సంగతి ఆయనది, కాగితాల సంగతి నాది. రేస్‌కోర్సువాళ్ళు రెండు వారాలకోసారి చిన్న పుస్తకం వేసేవాళ్ళు. ఏ రోజున ఏ పందెం, ఎంత దూరం, ఏ వయసు గుర్రాలకి అన్నది అందులో ఉండేది. ఏ గుర్రాన్ని ఏ పందెంలో పెట్టాలో ఆయన చెప్పడం, నేను రాయడం అన్నది మొదట అనుకున్న పద్ధతి. ఏడాది తిరిగేసరికి నేను చెప్పడం, ఆయన కాసేపు గొణిగి ఒప్పుకోవడంగా మారింది.

వాడు 1979 మార్చిలో పుట్టాడు. గోధుమరంగు, నుదుటి మీద చుక్క. వాడి పందేలన్నీ నా చేత్తో రాసినవే. సెలవు తరవాత మొదటిసారి పరుగెత్తితే వాడికి బద్ధకం, రెండోసారి కొంచెం మేలు, మూడోసారికి ఒళ్ళు విప్పుతాడు. పందేనికీ పందేనికీ మధ్య మూడు వారాలు లేకపోతే తిండి మానేస్తాడు. ఇవి తెలిసినా చేసేదేమీ లేకపోయింది. వాడికి కావలసినంత పొడుగు పందెం మా దగ్గర లేదు.

1982 ఏప్రిల్‌లో వాడి యజమాని, ఒక పళ్ళ డాక్టరు, ఓపిక అయిపోయి చెప్పేశాడు. మే నెలాఖరుకి వేరే దారి దొరక్కపోతే వాణ్ణి క్లెయిమింగ్ పందెంలో పెట్టెయ్యమన్నాడు. ఆ పందెంలో ప్రతి గుర్రానికీ ముందే ఒక ధర ప్రకటిస్తారు. ఆ ధర కట్టినవాడు పందెం అవగానే గుర్రాన్ని తోలుకుపోవచ్చు. అలా చేతులు మారిన గుర్రాలను చూశాను నేను. ఈ వారం ఒకరికి, పై నెల ఇంకొకరికి. ఎవరి దగ్గరా విశ్రాంతి ఉండదు, కాళ్ళు దెబ్బతినేదాకా పరుగే.

ట్రైనర్‌గారికి న్యూజిలాండ్‌లో ఒక గుర్రాల వ్యాపారి తెలుసు. ఆయనకి ఉత్తరం రాయించారు. అక్కడా, పక్కన ఆస్ట్రేలియాలోనూ వసంతకాలమే పెద్ద పందేల కాలం. ఆగస్టు చివర మొదలై నవంబర్ దాకా సాగుతుంది. "మీ వసంతపు డెర్బీకి తగిన మూడేళ్ళ గుర్రం" అని నా చేతే టైపు చేయించారు. డెర్బీ అంటే మూడేళ్ళవాటికి మాత్రమే పెట్టే పందెం.

ఇంటికొచ్చి చెబితే మావారు పేపరు దించి, "నవంబర్‌లో వసంతమా? అయితే అక్కడ ఉగాది పచ్చడి దీపావళికి తినాలన్నమాట" అన్నారు.

"వేపపువ్వు ఎక్కడ దొరుకుతుందో ముందు అది చూడండి" అన్నాను.

ఉత్తరం వెళ్ళిన రెండు వారాలకి, ఒక సాయంత్రం ఆఫీసులో నేను ఒక్కదాన్నే ఉండగా ఫోన్ మోగింది. న్యూజిలాండ్ వ్యాపారి. అక్కడ మర్నాడు పొద్దున. లైను సముద్రం అడుగు నుంచి వస్తున్నట్టు గరగరలాడుతోంది. ఆయన మాటలు నాకు సగం, నా మాటలు ఆయనకి సగం అర్థమవుతున్నాయి. గుర్రం వయసెంత అని అడిగాడు.

మన వాళ్ళెవరైనా వయసు ఎలా చెబుతారు? ఇన్ని నిండాయి, ఇన్నోది నడుస్తోంది అంటాం. మార్చి వెళ్ళింది కాబట్టి వాడికి మూడు నిండి నాలుగు నడుస్తోంది. నేను అదే ఇంగ్లీషులో చెప్పాను. "త్రీ ఫినిష్డ్. ఫోర్త్ ఈజ్ రన్నింగ్."

"మళ్ళీ చెప్పండి" అన్నాడు. గట్టిగా, విడివిడిగా, క్లాసులో చెప్పినట్టు మళ్ళీ చెప్పాను. ఆయన థాంక్స్ చెప్పి పెట్టేశాడు.

రెండు రోజుల తరవాత టెలిగ్రాం వచ్చింది. పందెంలో మూడోది, నాలుగోది వచ్చే గుర్రాలు తన దగ్గర కావలసినన్ని ఉన్నాయనీ, తనకి మొదట వచ్చేది కావాలనీ.

ట్రైనర్‌గారు టెలిగ్రాం పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డారు. "మేడమ్, ఈయనకి మీరేం చెప్పారు?"

"వయసు అడిగారు, చెప్పాను."

"ఏమని?"

చెప్పాను. ఆయన టోపీ తీసి నెత్తి రుద్దుకున్నారు. "మీ దేశంలో ఎవరి వయసైనా అడిగితే ఇలాగే చెబుతారా?"

"ఇలాగే చెబుతాం. మీకు అరవై తొమ్మిది నిండి డెబ్భై నడుస్తోంది."

"నేను అరవై తొమ్మిదే!"

"అదే కదండీ నేనూ చెప్పింది."

ఆయనకి కోపం రావలసింది, నవ్వు వచ్చింది. నవ్వు అయ్యాక మాత్రం గోడ మీది క్యాలెండర్ వైపు చూశారు. మే మొదటివారం. "చెడగొట్టింది మీరు. ఫోన్ కూడా మీరే చెయ్యండి" అన్నారు.

చేశాను. ఈసారి పుట్టిన నెల, ఏడాది చెప్పాను. వ్యాపారికి సంగతి అర్థమై ఎంత పెద్దగా నవ్వాడంటే గరగర కూడా ఆగిపోయినట్టనిపించింది. ఆ తరవాత ఆయన చెప్పిన మాట విని నా చేతిలో పెన్సిల్ ఆగింది. మనకి ఉగాది నాడు ఏడు మారినట్టు, పందెపు గుర్రాలన్నిటికీ ఒకే రోజున వయసు మారుతుంది. అమెరికాలో అది జనవరి ఒకటి. వాళ్ళకి ఆగస్టు ఒకటి. ఎందుకంటే అక్కడ పిల్లలు పుట్టేది వాళ్ళ వసంతంలో. మా వాడు ఏడాది పొడుగునా ఇక్కడ మూడేళ్ళవాడు. అక్కడ దిగి ఆగస్టు వచ్చిందంటే నాలుగేళ్ళవాడు. డెర్బీలోకి వాణ్ణి రానివ్వరు.

"ఫోర్త్ ఈజ్ రన్నింగ్ అన్నారు చూశారా, మా లెక్కలో అది నిజమే" అన్నాడు ఆయన. "కానీ డెర్బీ లేని గుర్రంతో నేనేం చేసుకోను?"

ఫోన్ పక్కనే నిలబడి విన్న ట్రైనర్‌గారు కుర్చీలో కూలబడ్డారు. ఆ దెబ్బ తగిలింది ఆయనకి. యాభై ఏళ్ళ వృత్తిలో ఒక డెర్బీ గుర్రాన్ని ఎక్కడికైనా పంపాలని ఆయన ఆశ. నాకు ఆ ఆశ లేదు. నాకు కావలసింది పొడుగు పందెం.

"మీ దగ్గర అన్నిటికన్నా పొడుగు పందెం ఎంత?" అని అడిగాను.

"మూడువేల రెండువందల మీటర్లు. రెండు మైళ్ళు. నవంబర్‌లో."

పదహారు ఫర్లాంగులు. పదహారు రాళ్ళు! పదహారు అని కాగితం మీద పెద్దగా రాస్తుంటే ట్రైనర్‌గారు తల ఎత్తి చూశారు.

"దానికి వయసు నియమం ఉందా?"

"లేదు. గెలిచే గుర్రానికి మాత్రం వీపు మీద బరువు ఎక్కువ వేస్తారు. నాలుగేళ్ళవాడు, మాకు తెలియనివాడు అంటే తక్కువే మోయాలి."

"మీ వసంతకాలం పందేల పట్టీ పంపించండి. వాణ్ణి ఎప్పుడెప్పుడు పరుగెత్తించాలో నేను రాసి పంపిస్తాను. అది చూశాక కావాలో వద్దో చెప్పండి."

మరుసటి వారం ఎయిర్‌మెయిల్‌లో పట్టీ వచ్చింది. మధ్యాహ్నం పరాఠా పక్కన పెట్టుకుని కూర్చున్నాను. నవంబర్ పందెం నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చాను. ఆగస్టు చివర ఒక మైలు, అది ఒళ్ళు కదలడానికి. సెప్టెంబర్‌లో ఇంకొంచెం పొడుగు. అక్టోబర్ మొదట్లో మైలున్నర, అక్కడ వాడి మూడోసారి. ఆ తరవాత నెల పైన ఖాళీ వదిలి రెండు మైళ్ళు. ఆ ఖాళీలో, సరిగ్గా మధ్యలో, ఒక మంచి బహుమతి పందెం ఉంది. దాన్ని కొట్టేశాను.

ట్రైనర్‌గారు వేలు పెట్టి చూపించారు. "మేడమ్, డబ్బున్నది ఇక్కడే. ఇది వదిలేస్తే ఎవరైనా పిచ్చివాళ్ళంటారు."

"దీంట్లో పెడితే వాడు తిండి మానేస్తాడు. నవంబర్‌కి జీను మాత్రమే మిగులుతుంది."

ఆయన కాసేపు గొణిగారు. మామూలుగానే.

మే నెలాఖరు వచ్చింది. న్యూజిలాండ్ నుంచి మాట లేదు. పళ్ళ డాక్టరు ఫోన్ చేసి క్లెయిమింగ్ పందెంలో పేరు ఇమ్మన్నాడు. పేర్లు బుధవారం పొద్దున ఇవ్వాలి. ఆ కాగితం నేనే టైపు చెయ్యాలి. మంగళవారం మధ్యాహ్నం టైపు చేసి, సంతకానికి ట్రైనర్‌గారి ముందు పెట్టాను. ఆయన పెన్ను తీశారు, మూత పెట్టారు, మళ్ళీ తీశారు. "రేపు పొద్దున పెడతా" అని లాయంలోకి వెళ్ళిపోయారు. నేను కూడా వెళ్ళాను. వాడు గడ్డి నములుతూ నా చీర కొంగు వాసన చూశాడు. ఏదీ తెలియదు వాడికి.

టెలిగ్రాం బుధవారం పొద్దున, ఆఫీసు తలుపు తీస్తుండగా వచ్చింది. పట్టీ నచ్చింది, గుర్రాన్ని కొంటున్నాను. కింద ఇంకో వాక్యం: ఆవిణ్ణి మాత్రం ఫోన్‌లో వయసులు చెప్పొద్దనండి.

ట్రైనర్‌గారు సంతకం లేని కాగితాన్ని నాలుగు ముక్కలు చేశారు. నేను వాటిని ఏరి చెత్తబుట్టలో వేశాను. మనిషి గొప్పవాడేగానీ శుభ్రత తక్కువ.

జూన్‌లో విమానం ఎక్కాడు. ఎండాకాలపు నున్నటి ఒంటితో వెళ్ళి వాళ్ళ చలికాలంలో దిగాడు. దిగగానే దుప్పటి కప్పమని నేను రాసిన మాట పాటించారట. ఆగస్టు పందెంలో వెనక వచ్చాడు. వ్యాపారి కంగారుపడి ఫోన్ చేశాడు. "ఇంకా నిద్ర లేవలేదు, ఉండండి" అన్నాను. సెప్టెంబర్‌లో మధ్య వరసలోకి వచ్చాడు. అక్టోబర్‌లో మైలున్నర పందెంలో గెలిచినవాడి తోక పట్టుకున్నంత దగ్గరగా వచ్చాడు. దాంతో అందరికీ ఆశ పుట్టింది. అక్కడి ట్రైనర్ ఆ బహుమతి పందెంలో పెడదామని పట్టుబట్టాడట.

"వదిలెయ్యమని రాశారు. నిజంగా వదిలెయ్యాలా?" అని వ్యాపారి అడిగాడు. "ఇక్కడ అందరూ నన్ను తిడుతున్నారు."

"తిట్లు మీరు తినండి. వాణ్ణి మాత్రం గడ్డి తిననివ్వండి."

వదిలేశారు.

నవంబర్‌లో ఒక శనివారం పొద్దున నేను ఆఫీసుకి వెళ్ళేసరికి ఫోన్ మోగుతోంది. అక్కడ పందెం అయిపోయింది. నేను ఎత్తాను. ఆయన హలో కూడా అనలేదు. "గెలిచాడు" అన్నాడు. రెండు మైళ్ళు, పద్దెనిమిది గుర్రాలు, మెడ పొడుగు తేడా. ట్రైనర్‌గారికి చెప్పడానికి లాయంలోకి నడిచాను. పరుగెత్తలేదు, మంచు పడి జారుడుగా ఉంది. ఆయన ఒక గడ్డి మోపు మీద కూర్చుని, "పదహారు ఫర్లాంగులా?" అన్నారు. "పదహారే" అన్నాను. "ఇక్కడ ఎనిమిదికి మించి ఎవరూ అడగలేదు వాణ్ణి" అన్నారు. ఆ తరవాత వాడు అక్కడ ఇంకా నాలుగు వసంతాలు పరుగెత్తాడు, కాళ్ళు చెడకుండా. వాడి ఈడు గుర్రాలు మా రేస్‌కోర్సులో 1984 నాటికే ఒక్కటీ మిగల్లేదు.

డిసెంబర్‌లో వ్యాపారి ఒక కేసెట్ పంపించాడు. రేడియోలో చెప్పిన పందెం. ఆ ఆదివారం మా ఇంట్లో తెలుగువాళ్ళ భోజనాలు, పది కుటుంబాలు. అప్పటిదాకా వాళ్ళెవరికీ నేను పని చేసే చోటు తెలియదు. ఏదో ఆఫీసు అనేదాన్ని. గుర్రప్పందెం అంటే మనవాళ్ళకి పేకాటతో సమానం, ఆస్తులు పోయేది దాంట్లోనే. ఆ రోజు పులిహోర వడ్డించి, చేతులు కడుక్కుని, కేసెట్ పెట్టాను.

రెండు నిమిషాలు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. "అమ్మా, వాళ్ళు మాట్లాడేది ఇంగ్లీషేనా?" అంది మా అమ్మాయి.

"ఇంగ్లీషే. నేను మాట్లాడేదీ ఇంగ్లీషే. విను."

"మనవాడేడీ?" అన్నారు మావారు, ఫలితం తెలిసి కూడా.

"వెనక ఉన్నాడు. పన్నెండో రాయి దాకా వెనకే ఉంటాడు."

వాడి పేరు ఒకసారి వినిపించింది. తరవాత ఇంకోసారి, ఈసారి ముందువరసలో. వచ్చినవాళ్ళలో ఒక తెలుగు డాక్టరుగారు, గుర్రప్పందేలు ఇళ్ళు కూల్చుతాయని ఎప్పుడూ చెప్పే పెద్దమనిషి, చేతిలో పెరుగన్నం ప్లేటుతో లేచి నిలబడ్డారు. ఆఖరి మలుపులో వాడి పేరు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

"వదినగారూ, ఎంత కాశారేమిటి?" అని గుసగుసగా అడిగింది ఆయన భార్య.

"ఒక్క సెంటు కూడా కాయలేదు."

"గుర్రం మీ సొంతమా?"

"కాదు."

"మరి మీకేమిటి?"

"వాడు ఎప్పుడు పరుగెత్తాలో, ఎప్పుడు ఊరుకోవాలో రాసింది నేను" అన్నాను, గది అంతటికీ వినబడేలా.

డాక్టరుగారు మళ్ళీ పెట్టమన్నారు. టేపు వెనక్కి తిప్పుతూ, వంటింట్లో గిన్నెలు సర్దుతున్న వాళ్ళని కూడా పిలిచాను.