గ్రామా, గ్రామ్సా?

తొంభైలలో మదనపల్లెలో చింతపండు పాకెట్లు కట్టే కంపెనీలో నాతోబాటు ఒక టైపిస్టమ్మ ఉండేది. కుప్పం పిల్ల. టెన్త్ పాసై టైపు నేర్చుకుంది. నేను ఎమ్మే ఇంగ్లీషు. నా రాతలో తప్పుంటే కొట్టేసేది కాదు, దాని కింద పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టేది. ఆ చుక్క చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒకసారి లేబులు కోసం 'టూ హండ్రెడ్ గ్రామ్స్ పాకెట్' అని రాసిచ్చినాను. 'గ్రామ్స్' కింద చుక్క పడింది.

"పాకెట్ అనే మాటకు ముందర వస్తే గ్రామ్ అనే రాయాలన్నా. ఉత్త బరువు చెప్పేటప్పుడే గ్రామ్స్" అనింది.

"ఎమ్మే సదివింది నువ్వా, నేనా?" అని చుక్క చెరిపేసి, అట్లే టైపు చేయించి ప్రెస్సుకు పంపినాను.

అచ్చయిన లేబుళ్లను, ఇంగ్లీషు తప్పని, మా సరుకు కొనే బెంగళూరు ఎగుమతిదారు తిప్పి పంపినాడు. ఓనరు ఊగిపోతా వచ్చి, "ఎవరప్పా ఇది చేసింది?" అని అరిచినాడు. నేను బల్ల మీది కాగితాలు సర్దుకుంటా ఉండిపోయినాను.

"టైపు చేసింది నేనే సార్" అనింది ఆమె.

తిట్లన్నీ తలొంచుకుని పడింది. నన్ను చూపించలేదు. నేను థాంక్స్ కూడా చెప్పలేదు. అంతవరకూ ఆమె ఇంగ్లీషును చూసి కుళ్లుకునేవాణ్ణి. ఆ పొద్దు నుంచి ఆమె గుణాన్ని చూసి కుళ్లుకున్నాను.