బావ ముందర రాని మాట

తెలుగు ఊళ్ల నుంచి వలసొచ్చి, మరాఠీవాళ్ల కనేరిలో సాంచాల, అంటే మరమగ్గాల చప్పుడు మధ్య బతికేవాళ్లు పెదవులు చూసి మాటను పట్టుకుంటారు. రాజమణి కండెలు చుట్టే మిషన్ ముందు కూర్చునేది. చుట్టూ మగవాళ్లే. అక్కడ ఏది చెప్పాలన్నా అరవాలి, మెల్లగా అన్నా నలుగురికి తెలిసిపోతుంది. 1994 వానాకాలంలో, రెండు నెలలు తప్పాక, ఒకరోజు బట్ట మీద చాయ్ మరకలాంటి చుక్కలు కనిపించాయి. సాయంత్రం వరుస గదుల చాల్ నల్లా దగ్గర పక్క ఖోలీ చంద్రవ్వ కలిసేదాకా ఆ సంగతి ఆమె నోట్లోనే ఉండిపోయింది.

చంద్రవ్వ ఐదుగురిని కన్నది. "గట్ల ఒకటి రెండు సుక్కలు అందరికి అయితయ్ పోరీ. మూడో నెల దాటేదాక ఎవలకు చెప్పకు, దిష్టి తగులుతది" అంది.

మరునాడు నడుములో, పొత్తికడుపులో నొప్పి మొదలైంది. ముట్టు నొప్పిలాంటిదే. వచ్చేది, వదిలేది, మళ్లీ వచ్చేది. చుక్కలు ఎర్రబడ్డాయి. రోజూ పొద్దున్నే వచ్చే వాంతి మాత్రం ఆ రోజు రాలేదు; అదీ ఒక గుర్తేనని ఆమెకు తెలియదు. చాలా రోజులకు నోటికి అన్నం సయించిందని రాజమణి సంతోషపడి రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. ఆ రెండు ముద్దల గురించి ఇప్పటికీ తనను తానే తిట్టుకుంటుంది.

భర్త గాలయ్య సాంచాలు వదిలి రాలేడు. ఇంట్లో మరాఠీ, హిందీ వచ్చింది గాలయ్య అన్న రామలింగానికి ఒక్కడికే. పెళ్లయిన మూడేళ్లలో రాజమణి బావతో నేరుగా మాట్లాడింది లేదు. ఆయన వెనక నాలుగడుగుల దూరంలో నడుస్తూ శాంతి నగర్‌లో ఒక దవాఖానకు పోయింది.

డాక్టర్ ఏదో అడిగాడు.

"నొప్పి ఏడ లేస్తుందని అడుగుతున్నడు" అన్నాడు రామలింగం, గోడ మీది క్యాలెండర్‌ను చూస్తూ.

"కడుపుల."

"ఎప్పటిసంది?"

"పొద్దటిసంది."

డాక్టర్ ఇంకో ప్రశ్న వేశాడు. ఈసారి రామలింగం దాన్ని ఆమెకు చెప్పలేదు. "సబ్ ఠీక్ హై సాబ్" అని, అంతా బాగానే ఉందని తానే జవాబిచ్చాడు. రక్తం పోతోందా అని అడిగాడని రాజమణికి తెలిసింది. చెయ్యి చూపిన తీరే చెప్పింది. కానీ బావ ముందర ఏ నోటితో చెబుతుంది? కొంగు కొస పళ్ల మధ్య పెట్టుకుని నేలకేసి చూసింది. డాక్టర్ తెల్ల గోలీలు, గులాబీ రంగు మందు రాశాడు. అవి కడుపులో మంటకు ఇచ్చేవి.

ఆమె మళ్లీ మిషన్ ముందు కూర్చుంది. ఒక డబ్బా కండెలు నిండేలోపే మడతపెట్టుకున్న పాతచీర ముక్క మొత్తం తడిసిపోయింది. రెండో డబ్బా సగంలో ఇంకోటి తడిసింది. గడ్డలు పడ్డాయి. కళ్లు తిరుగుతున్నాయని ఎవరికి అరిచి చెప్పాలి? లేవబోయి పడిపోయింది. సాంచాలు అప్పుడు ఆగాయి.

సర్కారు దవాఖానలో రక్తం ఎక్కించారు. కడుపు నిలవలేదు. అక్కడ సోలాపూర్ నుంచి వచ్చిన తెలుగు నర్సు ఉంది.

"ఇంత తొలినెలల పోయేదాన్ని చానాసార్లు డాక్టర్లు గూడ ఆపలేరు బిడ్డా. పని చేసినవని పోలే, తిన్నవని పోలే. కాని సుక్క కనవడ్డా వచ్చి చూపిచ్చుకోవాలె. గంటల బట్ట తడిసిందా, కండ్లు తిరిగినయా, ఒక దిక్కు పొడిసినట్టు నొప్పి లేసిందా, ఇగ నిమిషం ఆగొద్దు. నీ పానమే పోతుండె."

పని చేసినందుకు పోలేదన్న మాట చాల్‌లో ఎవరూ నమ్మలేదు. బొప్పాయి తిన్నదన్నారు. "నాకు అప్పుడే అనుమానమైంది" అంది చంద్రవ్వ.

రాజమణి ఎదురింటి ప్రాజక్త దగ్గర మరాఠీ నేర్చుకుంది. మొదట నేర్చింది "అంగావరూన్ రక్త జాతయ్" అన్న ముక్క. ఒంటి నుంచి రక్తం పోతోందని చెప్పడం. బియ్యం ధర అడగడం ఆ తర్వాత. ఊళ్ల నుంచి కొత్తగా వచ్చిన కోడళ్లకు ఒంట్లో బాగాలేకపోతే తోడుపోవడం మొదలుపెట్టింది. ఎన్ని బట్టలు తడిశాయో, ఏ రంగో, ఏ తారీకు నుంచో డాక్టర్‌కు విడమరిచి చెప్పేది.

"డాక్టరమ్మ బయలెల్లింది. సిగ్గుశరం లేకుంట అయిపాయె" అనేవాడు గాలయ్య.

"సిగ్గుపడే సచ్చేదాన్ని. సాలు" అనేది.

పదేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం రామలింగం ఆమె గడప బయట నిలబడ్డాడు.

"మా కోడలు కాత్యాయనిని జర దవాఖానకు తోల్కపో."

"ఏమైంది బావా?"

"అదే... కడుపునొప్పి."

"ఒట్టి కడుపునొప్పికి నేనెందుకు? నువ్వే తోల్కపోవచ్చు గద."

ఆయన చూపు గోడ మీద ఏదో వెతుక్కుంది. "ఆడోళ్ల సంగతి. నాకేం తెలుసు?" అన్నాడు. రాజమణి అప్పటికే చెప్పులు వేసుకుంది.

స్కానింగ్‌లో గుండె కొట్టుకోవడం కనిపించింది. రక్తం కనిపించిన ప్రతిసారీ కడుపు పోదని, అయినా వారం తర్వాత రావాలని, ఎక్కువైతే వెంటనే రావాలని డాక్టర్ చెప్పింది. రాజమణి ఆ మాటలు కాత్యాయనికి రెండుసార్లు తెలుగులో చెప్పి, తిరిగి చెప్పించుకుంది.

బయట రామలింగం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "ఏమన్నరు?"

రాజమణి ఆయన కళ్లలోకి చూసింది.

"సబ్ ఠీక్ హై, బావా."

"దేవుని దయ" అన్నాడాయన, బీడీ ముట్టించుకుంటూ. పదేళ్ల కింద డాక్టర్‌తో తాను అన్న ఆ మాట ఆయనకు గుర్తులేదు.